పొరను ఒక్క డిగ్రీ తిప్పినందుకు

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ అడిగింది, "మే అమ్మణ్ణీ, ఆ ల్యాబులో పొద్దస్తమానం నువ్వు చేసేదేంది" అని. ఇంతకుముందు చాలాసార్లు ఏదో ఒకటి చెప్పాను గానీ ఒక్కసారీ సరిగ్గా చెప్పలేదు. ఈసారి "పొరలు చీలుస్తా అవ్వా, చీల్చి ఒకదాని మీద ఒకటి కొంచెం తిప్పి పెడతా" అన్నా. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది ఆగి నా మొహంలోకి చూసి "అభ్రకమా?" అంది.

అభ్రకం కాదు. కానీ ఆ మాట తిరిగొచ్చాక కూడా నన్ను వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నా.

మాది సైదాపురం వైపు పల్లె. అటు రాపూరు, ఇటు పొదలకూరు దాకా నేలలో అభ్రకం ఉంది. వాన వెలిసిన తరవాత డొంకలో నడిస్తే కాళ్ళ కింద తళుక్కుమంటుంది, చిన్నప్పుడు కాకిబంగారం అని ఏరుకుని జేబులు నింపుకునేవాళ్ళం. అవ్వ పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ షెడ్డులో అభ్రకం చీల్చింది. గని నుంచి వచ్చిన దిమ్మ తీసుకుని, అంచు వెలుగుకు పట్టి చూసి, కత్తి మొన ఎక్కడ దూరుతుందో కనిపెట్టి అక్కడ దూర్చి మణికట్టు కాస్త కదిలిస్తే పలక రెండవుతుంది. ఆ రెండూ మళ్ళీ నాలుగు. మరకలు, పగుళ్ళు ఉన్న అంచులు కత్తెరతో తీసేసి సైజుల వారీగా పేర్చాలి. నెల్లూరు అభ్రకంలో లేత ఆకుపచ్చ రకానికి మంచి పేరు, ఇస్త్రీ పెట్టెల్లోకీ రేడియో కెపాసిటర్లలోకీ పోయే సరుకు అభ్రకమే. కరెంటును ఆపుతుంది, వేడికి చెక్కుచెదరదు.

అది అంత సులువుగా ఎందుకు చీలుతుందంటే, ఒక్కో పొర లోపల పరమాణువుల బంధాలు చాలా గట్టివి, పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం బలహీనం. పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ కూడా ఇట్లాంటిదే, అందుకే కాగితం మీద రాస్తే పొరలు ఊడి అంటుకుంటాయి. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ గ్రాఫైట్‌ను మామూలు అంటుకునే టేపుతో చీల్చుకుంటూ పోయి ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న పొరను పట్టుకున్నారు. గ్రాఫీన్ అంటే అదే. 2010లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. ఇవాళ్టికీ మేం చేసేది ఆ పనే, టేపు మీద స్ఫటికం పెట్టి, మడిచి, లాగి, మళ్ళీ మడిచి లాగడం. అవ్వ చేతిలో కత్తి, నా చేతిలో టేపు.

నేను చీల్చేది గ్రాఫీన్ కూడా కాదు, అయస్కాంతం. పేరు క్రోమియం ట్రైఅయోడైడ్. నల్లగా, మెరుస్తూ, పలుచని రేకుల్లా ఉంటుంది. అందులో ప్రతి క్రోమియం పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. మైపాడు సముద్రం ఒడ్డున పాడైపోయిన స్పీకర్‌లోని అయస్కాంతాన్ని దారం కట్టి ఇసకలో లాగితే నల్ల రేణువులు కుచ్చులా అంటుకునేవి, ఆ రేణువుల్లో కోట్ల కోట్ల చిన్న అయస్కాంతాలు వరసలు కట్టి ఉంటాయి. మరి అట్లాంటి వస్తువును చీల్చి చీల్చి ఒక్క పొరకు తెస్తే అయస్కాంతంగా మిగులుతుందా? మిగలకపోవచ్చనడానికి గట్టి కారణమే ఉంది. పరమాణు అయస్కాంతాలకు ఏ దిక్కయినా ఒకటే అయితే, రెండు కొలతల పొరలో ఏ కాస్త వేడి ఉన్నా దూరందాకా వరస నిలవదని 1966లో మెర్మిన్, వాగ్నర్ గణితంతో చూపించారు. తప్పించుకునే దారి ఒకటుంది, పొరకు నిలువుగా పైకో కిందికో తిరగడమే అయస్కాంతాలకు ఇష్టం అయి ఉండాలి. క్రోమియం ట్రైఅయోడైడ్‌కు ఆ ఇష్టం ఉంది. 2017లో వాషింగ్టన్ యూనివర్సిటీలో షియావోడాంగ్ షూ బృందం, ఎంఐటీలో పాబ్లో హరియో-హెరెరో బృందం కలిసి దీని ఒక్క పొర కూడా అయస్కాంతమే అని చూపించాయి. అయితే 45 కెల్విన్ కింద మాత్రమే, అంటే మైనస్ 228 డిగ్రీల సెల్సియస్.

ఆ పేపర్లో ఇంకో విషయం ఉంది, నా పని మొత్తం దాని మీదే నిలబడింది. ఒక పొర తీసుకుంటే అన్నీ పైకి చూస్తాయి. రెండు పొరలు తీసుకుంటే పైపొర పైకి, కిందిపొర కిందికి చూసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మరి పెద్ద స్ఫటికంలో? అన్ని పొరలూ ఒకే వైపు. ఒకే పదార్థం కదా, ఇట్లా ఎందుకు అని అందరూ తలలు పట్టుకున్నారు. తేలిందేమిటంటే, ఒక పొర మీద ఇంకో పొర ఎట్లా కూర్చుంది అన్నదే అంతా నిర్ణయిస్తుంది. పైపొర ఒక పరమాణువు దూరం కంటే తక్కువ పక్కకు జరిగితే చాలు, ఒక చోట కూర్చుంటే రెండు పొరలూ ఒకే దిక్కు చూస్తాయి, ఇంకో చోట కూర్చుంటే ఎదురెదురుగా చూస్తాయి. 2019లో ఈ రేకుల మీద బాగా ఒత్తిడి పెట్టి చూస్తే పొరలు జరిగి అయస్కాంతం తీరు మారిపోయింది, ఒత్తిడి తీసేసినా వెనక్కి రాలేదు.

ఇప్పుడు పొరను జరపకుండా తిప్పితే?

దోమతెర రెండు మడతలుగా వేసి ఒక మడతను కొంచెం పక్కకు తిప్పి చూడండి. చిన్న చిన్న కన్నాల మీద పెద్ద పెద్ద మచ్చల్లాంటి కొత్త అల్లిక ఒకటి కనిపిస్తుంది, తిప్పే కోణం తగ్గే కొద్దీ మచ్చలు పెద్దవవుతాయి. దీన్నే మోయిరే అంటారు. పరమాణువుల వల కూడా అచ్చం అంతే. క్రోమియం ట్రైఅయోడైడ్ వలలో ఒక గడి 0.69 నానోమీటర్లు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు), ఒక పొరను 1 డిగ్రీ తిప్పితే పైన కనిపించే పెద్ద గడి దాదాపు 39 నానోమీటర్లు. ఆ పెద్ద గడిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయే కొద్దీ పైపొర కిందిపొర మీద కూర్చునే తీరు మారుతూ పోతుంది. కాబట్టి ఒకే రేకులో కొన్ని చోట్ల "మనిద్దరం ఒకే వైపు చూద్దాం" అని ఉంటుంది, పక్క చోట "ఎదురెదురుగా చూద్దాం" అని ఉంటుంది. మధ్యలో ఉన్న పరమాణువుల పని కష్టం. అవి ఒక్కసారిగా తిరగలేవు, ఒక్కొక్కటి కాస్త కాస్త వాలుతూ అటు నుంచి ఇటు రావాలి. ఆ వాలుల, సుడుల అమరికనే మేం అయస్కాంత టెక్స్చర్ అంటాం. కొన్ని పరిస్థితుల్లో అది గుండ్రంగా ముడిపడి, మెల్లగా సాగదీసి విప్పడం కుదరని సుడి అవుతుంది. దాన్ని స్కిర్మియాన్ అంటారు. ఇట్లాంటివి మామూలు స్ఫటికంలో, మాంగనీస్ సిలిసైడ్‌లో, 2009లోనే కనిపించాయి, తిప్పిన పొరల్లోనూ రావచ్చని సిద్ధాంతాలు చెబుతున్నాయి.

అయితే తిప్పినంత మాత్రాన ఏ కోణంలోనైనా ఇది రాదు. ఎందుకో చెప్పడానికి నాకు మా జిల్లాలోని పొలాలే గుర్తొస్తాయి. రొయ్యల చెరువు పక్కనే వరి మడి ఉంటే మధ్యలో వెడల్పాటి గట్టు వెయ్యాలి, లేకపోతే ఉప్పునీరు మడిలోకి ఊరుతుంది. చెరువు నాలుగెకరాలు, మడి నాలుగెకరాలు అయితే గట్టుకు పోయే నేల లెక్కలోకి రాదు. అదే సెంటు చెరువు, సెంటు మడి, మళ్ళీ సెంటు చెరువు అంటే నేలంతా గట్లకే పోతుంది, అప్పుడు ఏ రైతైనా మొత్తం ఒకటే వేస్తాడు. అయస్కాంతం కూడా ఇదే లెక్క వేసుకుంటుంది. కోణం చిన్నదైతే గడులు పెద్దవి, ప్రతి చోటూ తన ఇష్టప్రకారం ఉండి మధ్యలో గోడ కట్టుకునే ఖర్చు భరిస్తుంది. కోణం పెరిగితే గడులు చిన్నవి, గోడల ఖర్చు ఎక్కువై మొత్తం రేకు ఒకే దిక్కుకు సర్దుకుంటుంది. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో జీ షాన్, కిన్ ఫై మాక్ బృందం రెండు పొరలను రకరకాల కోణాల్లో తిప్పి చూస్తే ఈ మలుపు దాదాపు 3 డిగ్రీల దగ్గర వచ్చింది. 3 డిగ్రీలకు గడి సుమారు 13 నానోమీటర్లు. అంతకంటే చిన్న గడులకు గట్టు గిట్టుబాటు కాదన్నమాట.

ఇక్కడొక చిన్న మాట. తిప్పిన పొరల కథంతా 2018లో ఎంఐటీ వాళ్ళు గ్రాఫీన్‌ను 1.1 డిగ్రీలు తిప్పి సూపర్‌కండక్టర్ (కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే పదార్థం) చేసినప్పుడు మొదలైందనుకుంటారు. నిజమే, ప్రపంచం అప్పుడే ఇటు తిరిగి చూసింది. కానీ పొరల కోణం సంగతి అభ్రకానికి అంతకుముందే తెలుసు. 1990లో మెక్‌గిగన్, ఇజ్రాయెలాష్విలి అనే ఇద్దరు అభ్రకం పలకలు రెండింటిని రకరకాల కోణాల్లో అతికించి లాగి కొలిచారు. వలలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడే కోణాల్లో పట్టు ఎక్కువ, కొద్దిగా తప్పితే తగ్గిపోయింది. ఇది చదివిన రోజు నేను అవ్వకు ఫోన్ చేశాను. "చీల్చిన పలకను మళ్ళీ దాని జోడు మీద పెడితే ఎట్టుంటాది అవ్వా" అని అడిగితే, "వచ్చినట్టే పెడితే కూచుంటాది, తిప్పి పెడితే జారతాది" అంది, పెద్ద విషయమేం కాదన్నట్టు.

అసలు మాట ఇంకా చెప్పలేదు, కరెంటుతో దీన్ని మార్చడం గురించి.

అయస్కాంతాన్ని మార్చాలంటే మామూలుగా ఇంకో అయస్కాంతం కావాలి, లేదా తీగలో కరెంటు పారించాలి. కరెంటు పారితే వేడి పుడుతుంది. కంప్యూటర్ మెమరీలో సున్నాగానో ఒకటిగానో ఉండే ఒక చిన్న బిట్‌ను తిప్పడానికి అంత వేడి అవసరమా అన్నది చాలా ఏళ్ళుగా ఉన్న ప్రశ్న. వోల్టేజీ పెట్టి వదిలేస్తే, కరెంటు ఆగకుండా పారక్కర్లేకుండా అయస్కాంతం మారితే ఎంత బాగుంటుంది! మందపాటి లోహంలో ఇది కుదరదు, ఎందుకంటే బయటి నుంచి పెట్టిన విద్యుత్ క్షేత్రాన్ని లోహం పైపైనే ఆపేస్తుంది, లోపలికి పోనివ్వదు. రెండే పొరలున్న రేకులో లోపల అంటూ ఏమీ లేదు, అంతా పైభాగమే. పైగా క్రోమియం ట్రైఅయోడైడ్ లోహం కూడా కాదు. పలుచదనం ఇక్కడ మనకు కలిసొచ్చింది.

మేం కట్టేది నిజానికి ఒక కెపాసిటర్. కింద గ్రాఫైట్ రేకు, దాని మీద బోరాన్ నైట్రైడ్ రేకు, దాని మీద తిప్పిన అయస్కాంత పొరలు, మళ్ళీ బోరాన్ నైట్రైడ్, మళ్ళీ గ్రాఫైట్, మధ్య పొరలను తాకుతూ ఇంకో గ్రాఫైట్ ముక్క. రేడియోలో అభ్రకం చేసిన పని ఇక్కడ బోరాన్ నైట్రైడ్ చేస్తుంది. ప్రపంచంలో చాలా ల్యాబులకు మంచి బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలు జపాన్‌లో సుకుబా ఊళ్ళో వతనబే, తనిగుచి పెంచినవే వస్తాయి, ఈ రంగంలో వాళ్ళ పేర్లు లేని పేపర్ అరుదు. పైనా కిందా ఉన్న గ్రాఫైట్ రేకులనే గేట్లు అంటాం. పైగేటుకూ కిందిగేటుకూ వేరు వేరు వోల్టేజీలు పెట్టొచ్చు కాబట్టి రెండు పనులు విడివిడిగా చెయ్యొచ్చు. ఒకటి, పొరల్లోకి ఎలక్ట్రాన్లు నింపడం లేదా తీసెయ్యడం. రెండోది, ఎలక్ట్రాన్ల లెక్క మార్చకుండా పైపొరకూ కిందిపొరకూ మధ్య విద్యుత్ క్షేత్రం మాత్రం పెంచడం. 20 నానోమీటర్ల బోరాన్ నైట్రైడ్ మీద 2 వోల్టులు పెడితే నానోమీటరుకు 0.1 వోల్టు. రెండు వోల్టులే కదా అనిపిస్తుంది గానీ, గాల్లో నిప్పురవ్వ పుట్టించే క్షేత్రానికి ఇది ముప్పై రెట్లకు పైనే.

2018లో తిప్పని రెండు పొరల మీద ఇదే చేశారు. ఎలక్ట్రాన్లు నింపుతూ పోతే ఎదురెదురుగా చూసే పట్టుదల తగ్గుతూ వచ్చి, చదరపు సెంటీమీటరుకు సుమారు 25 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ల దగ్గర రెండు పొరలూ ఒకే వైపు తిరిగాయి. పెద్ద సంఖ్యలా ఉంది గానీ నేను లెక్క వేసి చూస్తే దాదాపు నలభై క్రోమియం పరమాణువులకు ఒక ఎలక్ట్రాన్. నలభై మంది ఉన్న చోట ఒక్కరు కొత్తగా వచ్చి చేరితే అందరి మాటా మారిపోయినట్టు. తరవాత తిప్పిన పొరల్లోనూ కార్నెల్ వాళ్ళు ఇదే పద్ధతి వాడారు, ఎలక్ట్రాన్లు నింపి ఎదురెదురుగా ఉన్న మచ్చలను బలహీనపరిచారు. 2023లో రెండేసి పొరల జంటలను తిప్పి పెట్టిన రేకుల్లో కూడా వోల్టేజీతో అయస్కాంతం తీరు మారినట్టు ఇంకో పేపర్ వచ్చింది. గట్టు లెక్కలోకి తిరిగి వస్తే, చెరువుకు ఎంత గిరాకీ ఉందో వోల్టేజీ మారుస్తుంది, గట్టు ఎక్కడ వెయ్యాలో, అసలు వెయ్యాలో వద్దో దాన్నిబట్టి మారుతుంది. కోణం ఒకసారి పెడితే అంతే, మళ్ళీ మార్చలేం. వోల్టేజీ మాత్రం కూర్చున్న చోటి నుంచి ఎన్నిసార్లయినా మార్చొచ్చు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే.

పని మాత్రం తేలిక కాదు. ఈ పదార్థం గాలి తగిలితే, తేమ తగిలితే పాడైపోతుంది, వెలుతురు తోడైతే ఇంకా త్వరగా. అంతా గ్లవ్ బాక్సులోనే, ఆర్గాన్ నింపిన పెట్టెలో లావు రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి చెయ్యాలి. రేకు కోసం వెతకడమే రెండు మూడు రోజులు. దొరికిన రేకును సగానికి చింపి, ఒక సగాన్ని బోరాన్ నైట్రైడ్‌తో పైకెత్తి, కింద ఉన్న సగాన్ని అనుకున్న కోణం తిప్పి, దాని మీద దించాలి. రెండూ ఒకే రేకులోవి కాబట్టి మొదటి కోణం సున్నా అని నమ్మకం. దించేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటాను, టెన్షన్ అట్లా ఉంటుంది. పోయిన ఏడాది మొదటి శాంపుల్ బోరాన్ నైట్రైడ్ అంచు దాటి కొంచెం బయటికి మిగిలింది, నేను చూసుకోలేదు. పెట్టె నుంచి బయటికి తీసిన కాసేపటికి ఆ అంచున నీటి బొట్ల లాంటివి కనిపించాయి. మైక్రోస్కోపులో చూస్తుండగానే ఒక మూల కరిగిపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. రెండో శాంపుల్ బాగానే వచ్చింది, చల్లబరిచాక గేటు లీకైంది, బోరాన్ నైట్రైడ్‌లో ఎక్కడో పగులు ఉండి ఉంటుంది. అవ్వ అయితే అంచు వెలుగుకు పట్టి ముందే చెప్పేసేది అనిపించింది నాకు.

ఇంకో ఇబ్బంది చూడటంలో ఉంది. మేం లేజర్ వెలుతురు రేకు మీద కొట్టి, తిరిగొచ్చిన వెలుతురు కంపనదిశ ఎంత తిరిగిందో కొలుస్తాం. అయస్కాంతం నుంచి తిరిగొస్తే వెలుతురు అట్లా తిరుగుతుందని 1877లోనే జాన్ కెర్ కనిపెట్టాడు. కానీ మా లేజర్ చుక్క దాదాపు ఒక మైక్రాన్, అంటే వెయ్యి నానోమీటర్లు, అందులో 1 డిగ్రీ మోయిరే గడులు ఐదారు వందలు పడతాయి. ఊళ్ళో అన్ని ఇళ్ళలో వాళ్ళనీ ఒకేసారి మాట్లాడమని దూరం నుంచి విన్నట్టు, సగటు తెలుస్తుంది, ఎవరేమన్నారో తెలియదు. ఒక్కో మచ్చనూ చూడాలంటే వజ్రం కావాలి. వజ్రంలో ఒక నైట్రోజన్ పరమాణువు, పక్కన ఒక ఖాళీ ఉంటే, ఆ జంట అతి చిన్న అయస్కాంత క్షేత్రాన్ని కూడా పసిగడుతుంది. అట్లాంటి వజ్రపు మొనను రేకు మీద తిప్పి 2021లో మచ్చల అల్లికను నేరుగా చిత్రం తీశారు. మూడేసి పొరల జంటను తిప్పిన రేకులో ఆ మచ్చలు వరసగా, ముగ్గు చుక్కల్లా కనిపిస్తాయి. ఆ బొమ్మ నా ఫోన్లో ఉంది, అవ్వకు చూపించాను. కళ్ళద్దాలు తెచ్చుకుని చాలాసేపు చూసింది.

ఇదంతా రేపే ఫోన్లలోకి వచ్చేస్తుందని నేను చెప్పను. మైనస్ 228 డిగ్రీలకు ద్రవ నైట్రోజన్ కూడా చాలదు, హీలియం కావాలి. గది వేడిలోనూ అయస్కాంతంగా ఉండే పొరలు ఉన్నాయి, ఐరన్ గాలియం టెల్యూరైడ్ 2022లో వచ్చింది, కానీ అది లోహం, గేటుతో లొంగదీయడం కష్టం. గాలికి నిలిచే క్రోమియం సల్ఫర్ బ్రోమైడ్ ఉంది, అది 132 కెల్విన్ దాకా వస్తుంది. మూడు మంచి గుణాలూ ఒక్కదాంట్లో ఉన్న పదార్థం ఇంకా దొరకలేదు. దొరికేదాకా నాజూకైన ఈ నల్ల రేకు మీదే నేర్చుకోవాలి, ఎందుకంటే తిప్పడం, గేటు పెట్టడం, గోడల లెక్క, ఇవన్నీ రేపు ఏ పదార్థం వచ్చినా దానికీ పనికొస్తాయి.

బయల్దేరే ముందు రోజు అవ్వ మళ్ళీ అడిగింది, "ఎంత తిప్పుతావు?" అని. డిగ్రీ అంటే ఎట్లా చెప్పాలా అని చూస్తుంటే గోడ మీద గడియారం కనిపించింది. పెద్ద ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు తిరుగుతుంది. "ఆ పెద్ద ముల్లు పది సెకన్లలో ఎంత జరుగుతుందో అంత, అరనిమిషం దాటితే నాకు పనికిరాదు" అన్నా. అవ్వ గడియారం కేసి చూస్తూ కూర్చుంది. ముల్లు కదిలిందో లేదో ఇద్దరికీ తెలియలేదు. తరవాత లేచి వెళ్ళి, ట్రంకు పెట్టెలోంచి ఒక పౌడరు డబ్బా తెచ్చింది. అందులో దూదిలో చుట్టి లేత ఆకుపచ్చ పలక, అరచేతిలో సగం ఉంటుంది, ఒక్క మరక లేదు. షెడ్డు మూసేసిన రోజు దాచుకుందట.

ఆ పలక ఇప్పుడు నా బల్ల మీద ఉంది. 2009లో అభ్రకం మీద గ్రాఫీన్ పరిస్తే అది ముడతల్లేకుండా సాపుగా పరుచుకుందని చూపించారు, మా గ్రాఫైట్ గేటు కింద కూడా పెట్టి చూడాలని ఉంది. మూడో శాంపుల్ కోణం 2 డిగ్రీలు అనుకుని దించాను, చల్లబరిచే యంత్రం లోపలికి వెళ్ళింది, సోమవారం నుంచి చల్లబడుతుంది. గేటు ముందు అర వోల్టుతో మొదలుపెడతా.